మెర్థిర్ పట్టణపు పానశాలలు: నీరు, కూలి, చట్టము

ఒక పట్టణము యొక్క చరిత్రను అచ్చటి కోటలను బట్టియు, గుడులను బట్టియు చెప్పుట వాడుక. కాని ఆ ఊరి సామాన్యులు సాయంకాలము ఎచ్చట కూర్చుండిరి, ఏమి త్రాగిరి, తమ కూలి డబ్బును ఎచ్చట పుచ్చుకొనిరి అని ప్రశ్నించినచో ఆ చరిత్రయే వేరొక రూపమున కనిపించును. బ్రిటన్ దీవికి పశ్చిమముననున్న వేల్స్ దేశములో, టాఫ్ నదీలోయ ఎగువభాగమున, మెర్థిర్ టిడ్‌విల్ అను పట్టణము కలదు. అచ్చటి పానశాలల పెరుగుదలను, తరుగుదలను పరిశీలించినచో ఒక సంగతి స్పష్టమగును. త్రాగుడు కేవలము మనుష్యుల గుణదోషముల వలన కలుగునది కాదు. దాని వెనుక నీరు, కూలి, ఇల్లు, చట్టము అను నాలుగు విషయములు ఉండును.

పానశాలకు ఆ దేశమున ‘పబ్లిక్ హౌస్’ అని పేరు. జనులు దానిని ‘పబ్’ అని కుదించి పలుకుదురు. పబ్లిక్ హౌస్ అనగా అందరి ఇల్లు. మెర్థిర్ విషయమున ఆ పేరు ఎంత సార్థకమైనదో ముందు తెలియగలదు.

ఇనుప పట్టణము

18వ శతాబ్దపు నడిమి కాలమున మెర్థిర్ ఒక చిన్న పల్లె. చుట్టుప్రక్కల కొండలలో ఇనుప రాయి, బొగ్గు, సున్నపురాయి, పారు నీరు, ఈ నాలుగును ఒక్కచోటనే దొరకుటచే అచ్చట ఇనుప పరిశ్రమ వెలసెను. 1759లో డౌలైస్, 1760ల నడుమ ప్లిమత్, కవార్త్వా, 1784లో పెనిడారెన్, ఇట్లు నాలుగు గొప్ప కార్ఖానాలు పుట్టినవి. 1804లో రిచర్డ్ ట్రెవితిక్ నిర్మించిన ఆవిరి యంత్రము పట్టాలపై బరువును మొట్టమొదట లాగినది ఈ పెనిడారెన్ నుండియే. 1801 నాటి జనాభా లెక్కలలో మెర్థిర్‌లో 7,705 మంది ఉండిరి. 1851 నాటికి ఆ సంఖ్య 46,378కి పెరిగెను. అర్ధ శతాబ్దములో ఒక పల్లె ఆరు రెట్లయి వేల్స్‌లో ఎల్ల పట్టణములకంటె పెద్దదయ్యెను. 1840లలో డౌలైస్ ఒక్కదానియందే 18 ఊదు కొలుములు మండుచుండెను, 7,000 మందికి పైగా పనిచేయుచుండిరి.

ఇంత వేగముగా పెరిగిన ఊరికి ఇండ్లు కట్టిరి, కొలుములు కట్టిరి. కాని మంచినీటి ఏర్పాటు గాని, మురుగు కాలువలు గాని చేయలేదు. పురపాలక సంఘము కూడ లేదు. పానశాలల కథకు మొదలు ఇచ్చటనే ఉన్నది.

కొలిమి యెదుట దాహము

దుక్క ఇనుమును చేత ఇనుముగా మార్చుటకు ఆ కాలమున ‘పడ్లింగు’ అను పద్ధతి ఉండెను. 1784లో హెన్రీ కార్ట్ దీనికి పేటెంటు పొందెను. కవార్త్వాలో దీనిని ఎంతగానో అభివృద్ధి చేసిరి. కొలిమిలో కరగిన ఇనుమును పనివాడు పొడవైన ఇనుప కడ్డీతో ఎడతెగక కలుపుచుండవలెను. ఇనుము గట్టిపడిన కొలది బరువైన ముద్దలు చేసి వెలికి తీయవలెను. ఇట్టి వేడియందు కష్టించు శరీరము గంటకు ఒక లీటరు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, చెమటను కోల్పోవును. చెమటతోపాటు ఉప్పు కూడ పోవును. పోయిన నీరు తిరిగి శరీరమునకు చేరకున్నచో రక్తము చిక్కబడి, కండరములు పట్టుకొని, మనిషి సొమ్మసిల్లును.

కనుక పనివానికి త్రాగుట విలాసము కాదు, అవసరము. అయితే ఏమి త్రాగవలెను? టాఫ్ నది నీటిలో ఇండ్ల మురుగు, కార్ఖానాల మడ్డి కలిసియుండెను. కొండ ఊటల నీరు కొన్ని ధారల వద్ద మాత్రమే దొరకుచుండెను. 1850లో ప్రభుత్వ ఆరోగ్య శాఖ తరఫున టి. డబ్ల్యూ. రామెల్ ఈ పట్టణమును పరీక్షించి ఒక నివేదిక వ్రాసెను. ఎండకాలమున ధారలు సన్నగిల్లగా, స్త్రీలు కుండలతో గంటల తరబడి వేచియుండు దుస్థితి అందు వర్ణింపబడినది. ఇంటిలో నీరు లేదు, వీధిలో పానశాల ఉన్నది. ఏది సులభముగా దొరకినదో చెప్పనక్కరలేదు.

బీరు తయారగు విధము

ఇచ్చట బీరు తయారగు విధమును కొంచెము తెలిసికొనవలెను. బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తించి, మొలక కొంచెము సాగగానే వేడిగాలిలో ఎండబెట్టుదురు. దీనికి ‘మాల్టు’ అని పేరు. మొలకెత్తునపుడు గింజలో ఒక విశేష పదార్థము పుట్టి, పిండిని చక్కెరగా మార్చు శక్తిని పొందును. 1833లో పాయెన్, పెర్సో అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు దీనిని వేరుచేసి ‘డయాస్టేసు’ అని పేరు పెట్టిరి. ఎంజైములలో మొదట కనుగొనబడినది ఇదియే.

మాల్టును దంచి వేడినీటిలో నానబెట్టగా తియ్యని రసము వచ్చును. ఆ రసమునకు ‘హాప్’ అను తీగ పూలు చేర్చి గంటకు పైగా కాచుదురు. హాప్ పూలు చేదును ఇచ్చుటయే గాక, కొన్ని సూక్ష్మజీవుల పెరుగుదలను కూడ అరికట్టును. చల్లార్చిన పిమ్మట ఈస్టును కలిపినచో రసము పులియును. చక్కెర ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను విడిపోవును. పిండి పులిసి పొంగునపుడు వెలువడు వాయువు కూడ ఇదియే.

పులియుటకు కారణము ప్రాణముగల సూక్ష్మజీవులే అని 1857 మొదలుకొని లూయీ పాశ్చర్ నిరూపించుచు వచ్చెను. బీరు చెడిపోవుటకు ఇతర సూక్ష్మజీవులు కారణమని 1876లో ప్రచురించిన గ్రంథమున వివరించెను. 1883లో డెన్మార్కున హాన్సెన్ ఒకే కణమునుండి శుద్ధమైన ఈస్టును పెంచెను. 1897లో బుక్నర్ జీవకణమే లేకున్నను దాని రసముతో చక్కెరను పులియజేయవచ్చునని చూపెను. కాని మెర్థిర్ పనివారికి ఈ శాస్త్రము తెలిసియుండవలసిన పని లేదు. బీరు త్రాగినవారికి నీటివలన వచ్చు జబ్బులు తక్కువ అని వారు అనుభవముచే ఎరుగుదురు. రసమును కాచుట వలన నీటిలోని రోగక్రిములు చచ్చును. ఆపై హాప్, ఆల్కహాలు, పులుపు, ఈ మూడును క్రిములు మరల పెరుగకుండ చూచును. అంతమాత్రముచే బీరు ఔషధము కాదు. ఆల్కహాలు మూత్రమును పెంచి శరీరములోని నీటిని ఇంకను పోగొట్టును. అధికముగా త్రాగినచో ఒంటిని, ఇంటిని రెంటిని చెరచును. మురికి నీటితో పోల్చినపుడు మాత్రమే అది మేలు.

1830 నాటి చట్టము

1830 వరకు పానశాల తెరువవలెనన్న మేజిస్ట్రేటుల అనుమతి కావలసియుండెను. ఆ యేడు వెల్లింగ్టన్ ప్రభుత్వము బీరు దుకాణముల చట్టమును చేసెను. పన్ను చెల్లించు గృహస్థుడెవడైనను సంవత్సరమునకు రెండు గినీల రుసుముతో తన ఇంటిలో బీరు అమ్మవచ్చును, తానే కాచి తయారు చేయవచ్చును. మేజిస్ట్రేటు అనుమతి అక్కరలేదు. బీరుపైనున్న పన్నును కూడ తీసివేసిరి. జనులను ఘాటైన జిన్ను అను సారాయము నుండి మరల్చి బీరువైపు త్రిప్పవలెననియు, పెద్ద బీరు వ్యాపారుల ఏకాధిపత్యమును విరువవలెననియు ప్రభుత్వపు ఉద్దేశము. మొదటి ఆరు నెలలలోనే ఇంగ్లండు, వేల్స్‌లలో ఇరువది నాలుగు వేలకు పైగా లైసెన్సులు పోయినవి.

మెర్థిర్ వంటి పట్టణమున దీని ఫలితము ఊహింపవచ్చును. పనివాని ఇంటి ముందు గదియే బీరు దుకాణమయ్యెను. వెనుక గదిలో కాచుట, ముందు గదిలో అమ్ముట. విధవలకును, పనిలో అవయవములు పోగొట్టుకొన్నవారికిని ఇది ఒక బ్రతుకుతెరువు. పట్టణమున ‘చైనా’ అని పిలువబడిన పేదవాడలో ఇట్టి దుకాణములు దొంగతనములకును, కొట్లాటలకును నిలయములైనవి. ఒకే చట్టము ఒకచోట పేదకు ఆధారమును, మరొకచోట పేదకు ఉరియు అయ్యెను.

కూలి ఎచ్చట ముట్టెను?

పనివానిని పానశాలవైపు లాగినది దాహమొక్కటియే కాదు, కూలి ఇచ్చు పద్ధతి కూడ. ఆనాడు చిల్లర నాణెములు అరుదు. కూలి నెలకొకమారు, కొన్నిచోట్ల అంతకంటె ఆలస్యముగా ఇచ్చుచుండిరి. కొందరు పనివారికి కలిపి ఒక పెద్ద నోటు ఇచ్చినచో, దానిని మార్చుటకు వారందరు పానశాలకు పోవలసివచ్చును. చిల్లర ఇచ్చినందుకు పానశాల యజమాని ఆశించునది ఏమో వేరుగ చెప్పవలెనా? ఇంటివద్ద భార్యా బిడ్డలు ఎదురుచూచుచుండగా, కూలిలో కొంత అచ్చటనే కరగిపోవుచుండెను.

ఇంకొక పద్ధతి కంపెనీ దుకాణము. కూలికి బదులు సరకులిచ్చుట, లేదా కంపెనీ దుకాణముననే కొనవలెనని నిర్బంధించుట. దీనిని నిషేధించుచు 1831లో చట్టము వచ్చినను, కొన్ని లోయలలో అది చాల కాలము నిలిచెను. మెర్థిర్‌కు తూర్పున కొద్ది మైళ్ళ దూరమున రమ్నీ అను ఇనుప పట్టణము కలదు. అచ్చటి ఇనుప కంపెనీ 1839 ప్రాంతమున స్వయముగా ఒక బీరు కార్ఖానానే స్థాపించెను. దానిని నడిపినవాడు ఆండ్రూ బుకాన్ అను స్కాట్లండు దేశీయుడు. తరువాతి కాలమున ఆ కార్ఖానా అతని పేరుతోనే ప్రసిద్ధికెక్కెను. కూలి ఇచ్చునదియు కంపెనీయే, దాహము పుట్టించు కొలిమియు కంపెనీదే, ఆ దాహము తీర్చు బీరును కంపెనీదే. ఒక చేతితో ఇచ్చిన కూలి మరొక చేతికి తిరిగి వచ్చుచుండెను.

గనుల పనివారికి పానశాలలో కూలి చెల్లింపరాదని 1842 నాటి గనుల చట్టము శాసించెను. మిగిలిన పనివారికి ఆ రక్షణ 1883లో గాని లభింపలేదు.

అందరి ఇల్లు

అయినను పానశాలను కేవలము నిందించుట న్యాయము కాదు. పనివాని ఇల్లు ఇరుకు. ఒక మంచముపై పగటిపాలివాడు లేవగానే రాత్రిపాలివాడు పడుకొను ఇండ్లు కూడ ఉండెడివి. వెచ్చని నిప్పు, దీపపు వెలుగు, కూర్చుండుటకు బల్ల, ఇవి దొరకు చోటు పానశాలయే. పరస్పర సహాయ సంఘములు అచ్చటనే సమావేశమయ్యెడివి. సభ్యులు నెలనెలా చందా చెల్లించి, జబ్బుపడినవానికి భత్యము, చనిపోయినవానికి దహన ఖననాదుల ఖర్చు ఇచ్చెడివారు. జీవిత బీమా పేదలకు అందని కాలమున ఇది ఎంత ఆధారమో ఊహింపవచ్చును. వెల్ష్ భాషా కవితా సభలు కూడ 1820లలో మెర్థిర్ పానశాలలలో జరిగినవి. పనివారి సంఘముల తొలి సమావేశములు అచ్చటివే.

1831 జూనులో కూలి తగ్గింపు, అప్పుల కోర్టు జప్తులు భరింపలేక మెర్థిర్ పనివారు తిరుగబడిరి. యజమానులు, మేజిస్ట్రేటులు, సైనికులు చేరిన చోటు కాసిల్ ఇన్ అను పానశాల. జూను 3వ తేదీన దాని యెదుట గుమిగూడిన జనులపై సైనికులు కాల్పులు జరుపగా పదునారుగురికి తక్కువ కాకుండ మరణించిరి. ఒక సైనికుని గాయపరచెనను నేరముపై డిక్ పెండరిన్ అను పేరుతో ప్రసిద్ధుడైన రిచర్డ్ లూయిస్‌ను ఆగస్టు 13న కార్డిఫ్‌లో ఉరితీసిరి. అతడు నిర్దోషి అని వేల్స్ ప్రజలు నేటికిని విశ్వసింతురు. పనివారు కలిసికొను చోటును, అధికారులు కొలువుతీరు చోటును ఊరిలో పానశాలయే గనుక, ఆ సంఘర్షణ దాని గుమ్మము ముందు జరిగెను.

నీరు వచ్చుట

1849లో కలరా మెర్థిర్‌ను పట్టి పీడించెను. పదునాలుగు వందలకు పైగా ప్రజలు మరణించిరి. ఆ యేడే లండనులో జాన్ స్నో అను వైద్యుడు కలరా నీటిద్వారా వ్యాపించునని ప్రకటించెను. అందరు నమ్ముటకు ఇంకను చాల కాలము పట్టినది. కలరా క్రిమిని రాబర్ట్ కోక్ 1884లో వర్ణించెను. రామెల్ నివేదిక వచ్చిన పిదప కూడ మెర్థిర్‌లో నీటి పథకము వెంటనే అమలు కాలేదు. నదీ జలములపై ఇనుప కార్ఖానాల హక్కులు అడ్డువచ్చినవి. చక్రములకు, యంత్రములకు కావలసిన నీరు ఊరికి ఇచ్చుట యజమానులకు ఇష్టము లేకుండెను. తుదకు 1860ల ఆరంభమున కొండలనుండి గొట్టములద్వారా మంచినీరు పట్టణమునకు చేరెను.

ఈ నడుమనే మద్యనిషేధ ఉద్యమము బలపడెను. వేల్స్ ప్రార్థనా మందిరములవారు దానికి నాయకులు. 1847 నాటి ప్రభుత్వ విద్యా నివేదిక వెల్ష్ జనులను త్రాగుబోతులని, నీతిలేనివారని నిందించెను. ఆ అపవాదును మాపుకొనవలెనను పట్టుదల ఉద్యమమునకు ఊపిరి పోసెను. 1852లో మెర్థిర్‌లో మద్యనిషేధ సభామందిరము వెలసెను. బీరు లేకయే సభలు జరుపుకొనుటకు, సంగీతము వినుటకు పనివారికి ఒక చోటు దొరకెను. ఉపన్యాసములకంటె ఈ హాలు, ఈ కొళాయి ఎక్కువ పని చేసినవని చెప్పవచ్చును. త్రాగవద్దనుట సులభము, త్రాగుటకు వేరొకటి ఇచ్చుట కష్టము. 1869లో చేసిన చట్టము బీరు దుకాణములను మరల మేజిస్ట్రేటుల అదుపులోనికి తెచ్చెను. ఇంటి ముందు గదిలోని చిన్న దుకాణములు క్రమముగ మూతపడసాగెను.

ఆదివారపు తలుపు

1881లో వేల్స్‌కు మాత్రమే వర్తించు చట్టమొకటి వచ్చెను. ఆదివారమున పానశాలలు మూసివేయవలెను. వేల్స్‌ను ఒక ప్రత్యేక దేశముగా గుర్తించిన మొదటి ఆధునిక చట్టమని చరిత్రకారులు దీనిని పేర్కొందురు. అయితే మన్మత్‌షైరు జిల్లాకు ఇది 1921 వరకు వర్తింపలేదు. రమ్నీ నది ఆ రెండు జిల్లాలకు ఎల్ల. నదికి ఈవల గ్లమోర్గన్‌లో తలుపులు మూసియుండ, ఆవల మన్మత్‌షైరులో తెరచియుండెను. దాహముగలవాడు వంతెన దాటినచో చాలును!

చట్టము సభ్యుల క్లబ్బులకు కూడ వర్తింపలేదు. అందుచే పనివారు తామే చందాలు వేసికొని క్లబ్బులు స్థాపించుకొనిరి. ఆదివారమున త్రాగుట ఆగుటకు బదులు చోటు మారెను. 1961లో ప్రతి జిల్లావారు ఓటు వేసి తమకు కావలసినది నిర్ణయించుకొను అవకాశము వచ్చెను. మెర్థిర్, కార్డిఫ్, గ్లమోర్గన్ మొదలైనవి తలుపులు తెరువగా, పడమటి, వాయవ్య జిల్లాలు మూసియే ఉంచినవి. ప్రతి ఏడేండ్లకు ఓటు జరుగుచు, 1996లో చివరి ప్రాంతము కూడ తెరచుటకు అంగీకరించెను.

పెద్ద కార్ఖానాలు, చిన్న కార్ఖానాలు

వెనుక గదిలో బీరు కాచుట 19వ శతాబ్దాంతమునకు చాల వరకు అంతరించెను. రైలు మార్గములు, ఉష్ణమాపకము, శుద్ధమైన ఈస్టు, ఇవి అన్నియు పెద్ద కార్ఖానాలకు అనుకూలించినవి. పెద్ద వ్యాపారులు పానశాలలనే కొని, అందు తమ బీరు మాత్రమే అమ్మించిరి. మెర్థిర్‌లోని గైల్స్ అండ్ హారప్ బీరు కార్ఖానాను 1936లో కార్డిఫ్‌కు చెందిన హాంకాక్ కంపెనీ కొనెను. హాంకాక్‌ను 1968లో బాస్ చారింగ్టన్ అను మహాసంస్థ కలుపుకొనెను. రమ్నీలోని బుకాన్ కార్ఖానాను 1966లో విట్‌బ్రెడ్ సంస్థ కొని, 1978లో మూసివేసెను. ఇనుప కంపెనీ పుట్టించిన కార్ఖానా ఆ కంపెనీకంటె ఎక్కువ కాలము బ్రతికెను, కాని దూరపు లెక్కల పుస్తకములకు లొంగిపోయెను.

ఈలోపున పట్టణమే మారెను. 1911లో 80,990 మందితో మెర్థిర్ జనాభా శిఖరమునకు చేరెను. 1930లో డౌలైస్ ఉక్కు కార్ఖానా ముఖ్యభాగము మూతపడగా వేలకొలది పనివారు నిరుద్యోగులైరి. పనిలేనివానికి పానశాలలో ఒక గ్లాసు బీరు కూడ బరువే. 1948లో వచ్చిన హూవర్ బట్టలుతుకు యంత్రముల కార్ఖానాలో కొలిమి వేడి లేదు. ఆ కార్ఖానాయు 2009లో ఉత్పత్తి మానెను. మెర్థిర్ వేల్ బొగ్గు గని 1989లో మూతపడెను. గని పాలి ముగించి నేరుగ పానశాలకు వచ్చు గుంపు అంతటితో లేకపోయెను. ఇంటిలో టెలివిజను, దుకాణములలో చౌక బీరు, 2007లో వేల్స్ పానశాలలలో పొగత్రాగుటపై నిషేధము, ఇవి అన్నియు అలవాటును ఇంటివైపు మరల్చినవి.

చిన్న కార్ఖానాల కథ మాత్రము ముగియలేదు. 2002లో ప్రభుత్వము తక్కువ ఉత్పత్తి చేయువారికి బీరు సుంకమును తగ్గించెను. 2005లో డౌలైస్‌లో రమ్నీ పేరుతోనే ఒక క్రొత్త చిన్న కార్ఖానా వెలసి, తరువాత బ్లైనావన్ అను సమీప పట్టణమునకు మారెను. పాత కార్ఖానా కట్టడము లేదు, పాత పనివారు లేరు, పేరొక్కటే తిరిగి వచ్చెను. మెర్థిర్ ముఖ్య వీథిలో ఒక పానశాలకు డిక్ పెండరిన్ పేరు కూడ పెట్టిరి.

ఈ చరిత్ర నేర్పునది

రెండు వందల ఏండ్ల ఈ కథలో చట్టములు అనేకములు వచ్చినవి. 1830 నాటిది తలుపులు తెరచెను, 1869 నాటిది సగము మూసెను, 1881 నాటిది వారమునకొక దినము మూసెను. అవి కొంత పని చేసినవి, కొంత ప్రజలు వాటిని తప్పించుకొనిరి. స్థిరమైన మార్పు తెచ్చినవి వేరు. కొండనుండి వచ్చిన నీటి గొట్టము, చేతికి నేరుగా అందిన కూలి, బీరు లేని సభామందిరము, నలుగురు కూర్చుండుటకు చాలిన ఇల్లు. ఇవి లేని కాలమున పానశాల ఆ నాలుగింటి స్థానమును ఆక్రమించెను. ఇవి వచ్చిన కొలది అది తన పూర్వపు ప్రాబల్యమును కోల్పోయెను.

పానశాలలు మూతపడిన వీథులను చూచి నేడు మెర్థిర్‌లో విచారించువారు కలరు. వారి విచారము బీరు కొరకు మాత్రమే అనుకొనరాదు. జబ్బుపడిన పొరుగువానికి చందా వేసిన బల్ల, పాట పాడిన గది, సంఘము పుట్టిన మూల, ఇవి కూడ ఆ తలుపుల వెనుకనే ఉండెడివి. ఒక అలవాటును మాన్పింపదలచినవారు అది మనుష్యులకు ఏమేమి ఇచ్చుచున్నదో మొదట తెలిసికొనవలెను. దాని చెడుగును తీసివేయునపుడు దానిలోని మేలును మరొక చోట నిలుపవలెను. మెర్థిర్ పట్టణము ఈ పాఠమును కలరా, కాల్పులు, కూలి నష్టము అను మిక్కిలి ఖరీదైన మార్గమున నేర్చుకొనెను.